మేకప్ తుడిచిన ఆదివారం

జూబ్లీహిల్స్‌లో ఇప్పుడు ఆ ఇల్లు లేదు. ఆ స్థలంలో అద్దాల గోడల రెస్టారెంటు లేచింది. ఆ మధ్య ఎవరో భోజనానికి పిలిస్తే వెళ్ళాను. అందరూ మెనూ చూస్తుంటే నేను మాత్రం మా మంచాలు ఏ మూల ఉండేవో గుర్తుతెచ్చుకుంటూ కూర్చున్నాను. కుర్రాళ్ళ చేత మత్తు మాన్పించే ఇంటి మీద బెంగపెట్టుకున్నవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే ఉంటానేమో. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు. నాకు మాత్రం ఆ ఇల్లంటే ప్రాణం.

తొంభైల మొదట్లో మాట. అప్పటికి అక్కడ ఇళ్ళకన్నా బండరాళ్ళే ఎక్కువ. సాయంత్రమైతే గాలి చల్లగా వచ్చేది. పక్క బంగళాను సినిమావాళ్ళకు అద్దెకిచ్చేవారు. మా మేడ ఎక్కితే షూటింగంతా కనబడేది. ఒక పాటను వారమంతా తీసేసరికి స్టెప్పులు హీరోకన్నా ముందు మాకే వచ్చేశాయి. చేతులు వణికే కుర్రాళ్ళం వరసగా నిలబడి డాన్సు చేస్తుంటే మా వార్డెనక్క కింది నుంచి, "అన్నం తినమంటే ఒంట్లో బలం లేదంటరు, గీ ఎగురుడుకు యాడికెల్లి వచ్చిందిరా బలం?" అని కేకలేసేది. ఆవిడది బోరబండ. మాటకి మాట అప్పచెప్పేది, ముద్దకి ముద్ద తినిపించేది.

మా నాన్న సినిమాల్లో మేకప్‌మాన్. మద్రాసు నుంచి సినిమావాళ్ళు ఒక్కొక్కరే హైదరాబాదు తరలివస్తున్న రోజుల్లో మేమూ వచ్చి మోతీనగర్‌లో ఒక వాటాలో దిగాం. నా స్నేహితులు మద్రాసులో ఉండిపోయారు. కొత్తవాళ్ళు ఎర్రగడ్డ సంతలో దొరికారు. వాళ్ళతో పాటు దగ్గుమందు సీసాలు, వాటి తరువాత వాటిని మించినవీ దొరికాయి. ఇంటర్ పుస్తకాలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. నాన్న కనిపెట్టి, ఒక రోజు గదిలో పెట్టి గడియ వేశాడు. కాలేజీ ఎగ్గొట్టినందుకు కోపం కాబోలనుకుంది అమ్మ. నేను ఏడుపు మొదలుపెట్టగానే నాన్న లేని సమయం చూసి గడియ తీసేసింది. నేను తిన్నగా సంతకే పోయాను. నా ఏడుపు వింటే అమ్మకు ఒళ్ళు తెలియదు. అది నాన్నకు తెలుసు, అంతకన్నా బాగా నాకు తెలుసు.

అందుకే నాన్న నన్ను జూబ్లీహిల్స్ ఇంట్లో చేర్పించి, అమ్మతో మాత్రం రెసిడెన్షియల్ కాలేజీలో వేశానన్నాడు. ఆ రోజుల్లో ఆ కాలేజీలు జైలుకి చిన్న తమ్ముళ్ళు. పిల్లల్ని చూడనివ్వరంటే ఏ తల్లీ ఆశ్చర్యపోయేది కాదు. కానీ ఎన్నాళ్ళని ఆగుతుంది? ఒక్కసారి కళ్ళారా చూపించమని పోరు పెట్టింది. చివరికి ఒక ఆదివారం తీసుకొస్తానని నాన్న ఒప్పుకున్నాడు.

ఆ ఆదివారం అమ్మను ఫిలింనగర్‌లో తెలిసినవాళ్ళింట్లో కూర్చోబెట్టి, నాన్న ముందుగా ఒక్కడే వచ్చాడు. చేతిలో మేకప్ పెట్టె. దాన్ని కళ్ళకద్దుకుని తెరిచాడు. నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, "గడ్డం ఎత్తు నాన్నా" అన్నాడు. వార్డెనక్క గుమ్మంలో నిలబడిపోయింది.

"ఏంది సారూ గిది? కన్నతల్లి సూడ్డానికొస్తే మేకప్పా?"

"ఒక్క పూటేనండీ. వీణ్ణి ఇలా చూసిందంటే ఇప్పుడే ఇంటికి తీసుకుపోతుంది. మీరూ ఆపలేరు, నేనూ ఆపలేను."

ఎందరి ముఖాలకో రంగు పూసిన ఆ చెయ్యి నా ముఖం మీద పడటం అదే మొదలు. కళ్ళ కింద నలుపు పోయింది. పెదవులకు ఎరుపు వచ్చింది. ఆ చెయ్యి అలాగే ఉంటే బాగుండుననిపించింది. అలా అనిపిస్తున్నా, నా ఆలోచన నాకుంది. అమ్మ రాగానే ఏడవాలి, ఆవిడ కొంగు పట్టుకుని గేటు దాటాలి. రాత్రికి ఎర్రగడ్డ చేరుకోవాలి.

నాన్న వెళ్ళి తీసుకొస్తే, అమ్మ గోంగూర పచ్చడి సీసాతో వచ్చింది. నన్ను చూసి ఆవిడ ముఖం విప్పారింది. "చిక్కిపోయుంటావనుకున్నాన్రా. పర్లేదు, బాగానే చూసుకుంటున్నారు" అంటూ తల నిమిరింది. చెయ్యి చెవి వెనక్కి వెళ్ళి ఆగింది. వేళ్ళు చూసుకుంది. వాసన చూసింది.

నాన్నకు పనిలో ఒక పట్టింపు ఉండేది. ముఖానికి పూసి చెవులు వదిలేసేవాళ్ళంటే ఆయనకు చిన్నచూపు. కెమెరాకు కనబడినా కనబడకపోయినా చెవి వెనక కూడా పూస్తాడు. ఆ గొప్పను ఇంట్లో అమ్మకు వెయ్యిసార్లు చెప్పి ఉంటాడు. ఊరందర్నీ నమ్మించగల రంగే గానీ, పెళ్ళైన నాటి నుంచీ ఆ రంగు అంటిన చొక్కాలు ఉతికిన మనిషి దగ్గర ఎలా చెల్లుతుంది?

"ఏవండీ, వీడికి మేకప్ ఎందుకు వేశారు?"

అమ్మ కొబ్బరినూనె అడిగింది. అక్క తెచ్చిచ్చింది. రంగు ఎలా తీయాలో అమ్మకు వేరే చెప్పాలా? నూనె రాసి, కొంగుతో మెల్లగా తుడిచింది. నా అసలు ముఖం బయటపడుతున్నకొద్దీ ఆవిడ చెయ్యి నెమ్మదించింది.

"ఏం అలవాటైందిరా?"

చెప్పాను. చెప్పి, అనుకున్న ప్రకారం ఏడ్చాను. అయితే ఆ ఏడుపు నిజంగానే వచ్చింది. "ఇంటికి తీసుకెళ్ళిపోమ్మా" అన్నాను. అమ్మ లేచింది. నేనూ లేచి చెప్పులు వేసుకున్నాను. నాన్న గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు.

అమ్మ నా వైపు రాలేదు. అక్క దగ్గరికి వెళ్ళింది.

"గేటుకి తాళం వేస్తారా అమ్మా?"

"ఏస్తం."

"నేను వెళ్ళగానే వేసెయ్యండి. నా సంగతి నాకు తెలుసు. రేపే వచ్చి నా పిల్లాణ్ణి పంపెయ్యమని మీ కాళ్ళు పట్టుకుంటాను. తిడతాను కూడా. నా మాట వినకండి."

నేను అమ్మను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆవిడ వెనక్కి తిరగలేదు.

అన్నంత పనీ చేసింది. మర్నాడు ఎండ ఎక్కేసరికి గేటు ముందు ఉంది. అక్క లోపల కుర్చీ వేసుకుని కూర్చుని, "నిన్న నువ్వే చెప్తివి గదమ్మా" అని ఒకటే మాట మీద ఉంది. అమ్మ బతిమాలింది. శాపనార్థాలు పెట్టింది. చివరికి ఊచలు పట్టుకుని కింద కూర్చుండిపోయింది. నేను మేడ మీదే ఉన్నాను. ఆవిడ నడినెత్తి పాపిడి దాకా కనబడుతోంది. అమ్మా అని ఒక్క కేక వేస్తే చాలు, ఆ గేటు విరిచైనా తీసుకుపోయేది.

నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని పిట్టగోడ వెనక నక్కాను. ఆవిడ వెళ్ళిపోయేదాకా లేవలేదు.