పలకని మనిషి

షెహజాదికి కోపం రావడానికి కారణం అక్కర్లేదని ఆస్ట్రేలియాలో పెర్త్ శివారు కానింగ్ వేల్‌లో మనవాళ్లంతా అనుకునేవారు. కారణాలు ఎన్ని ఉన్నాయో వాళ్లకేం తెలుసు! ఆమె పుట్టింది కర్నూలు జిల్లా తుగ్గలి దగ్గర. అక్కడ తొలకరి పడితే విత్తనాల మాట తర్వాత, ముందు వజ్రాల వేట. వాన వెలిసీ వెలవకముందే జనం చేలల్లోకి దిగి, తల వంచుకుని, రాయి రాయీ చూసుకుంటూ నడుస్తారు. ఆ వేటకో పద్ధతి ఉంది. ఒకరి వెంట ఒకరు పోరు, ఎవరి దిక్కు వారిదే. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే చచ్చినా పలకరు. పలికితే ఎక్కడ వెతుకుతున్నారో తెలిసిపోయి పదిమంది వచ్చి పడతారు. చిన్నప్పుడు షెహజాది సద్ది మూట పట్టుకుని గట్టు మీద నిలబడి, "అబ్బా... అబ్బా..." అని గొంతు పోయేలా అరిచేది. కంటికి కనిపిస్తూనే ఉన్న తండ్రి తల ఎత్తేవాడు కాదు. అన్నం ఎండకు పాచిపోయేది. ఆమె కోపం అప్పటిది.

పెళ్లయ్యాక చూస్తే మొగుడు తాజ్‌కూ అదే పిచ్చి. అతనికి పెర్త్‌లో వెల్డింగ్ పని దొరికినప్పుడు ఆమె అతనికంటే ముందే పెట్టె సర్దింది. కానింగ్ వేల్ అంతా ఇసుక, వెతకడానికి గులకరాయి కూడా కనబడదు. ఆ ఇసుకను చూసి ఆమెకు ప్రాణం లేచొచ్చింది. కొన్నేళ్లకు తాజ్‌కు నడుం పట్టేయడంతో వెల్డింగ్ మానేసి కొట్టు పెట్టారు. బియ్యం, పప్పులు, ఆవకాయ, అద్దెకు సినిమా కేసెట్లు. తాజ్‌కు షుగరు వచ్చాక కొట్టు భారమంతా ఆమెదే అయింది. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకునే ఆ మొగుడూపెళ్లాలు పోట్లాడుకోవడానికి మాత్రం తెలుగులోకి దిగేవారు. తుగ్గలి తిట్లలో ఉన్న బలం ఇంకే భాషలోనూ లేదని ఆమె నమ్మకం.

అలాంటి కొట్టుకు అచ్యుత్ వచ్చేవాడు. విజయవాడ కుర్రాడు, కంప్యూటర్ ప్రోగ్రామర్. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు మొరాయించి లోకం స్తంభించిపోతుందని ఇంటింటికీ చెప్పింది ఈ మహానుభావుడే. మనవాళ్లు ఎగబడి ఆమె కొట్లో బియ్యం మూటలు కొన్నారు. తీరా జనవరి ఒకటిన కరెంటు కూడా పోలేదు. ఆ వారంలోనే ఒక్కొక్కరూ మూటలు వెనక్కి మోసుకొచ్చి, "ఓపెన్ చేయలేదు కదా ఆంటీ" అన్నారు. ఎంత సిగ్గులేనితనం! ఒకరైతే సగం వండుకుని మరీ తెచ్చారు.

ఆ గండం గడిచిపోయేసరికి అచ్యుత్ కాంట్రాక్టూ అయిపోయింది. ఊరికే కూర్చుంటే బాగుండేది. బంగారు గనుల ఊరు కల్గూర్లీకి ఉత్తరాన ఎడారిలో వెనకటికి ఎవరో కనిపెట్టి మళ్లీ దారి మరిచిపోయిన బంగారు గని ఉందనే కథ ఒకటి పట్టుకుని, 'కొత్తవాళ్లకు ఎడారి నడక, గని వేట' అని ఊరంతా ఈమెయిళ్లు పంపాడు. అతను మాత్రం ఆ ఎడారిని ఎన్నిసార్లు చూశాడని! ఒక్కసారి, అదీ కారులోంచి.

ఆ మాట చెవిన పడగానే తాజ్ కళ్లు వెలిగాయి. ఆమె తిట్టింది, బతిమాలింది, మాట్లాడడం మానేసింది. ఏదీ పని చేయకపోయేసరికి మందులూ నీళ్లూ సర్దుకుని తానూ బయలుదేరింది.

సిడ్నీలో ఒలింపిక్స్ జరుగుతున్న రోజులు. లోకమంతా టీవీల ముందు కూర్చుంటే వీళ్లు మాత్రం ఎర్రమట్టిలో నిలబడ్డారు. కనుచూపు మేరా ఒకే ఎత్తు ముల్గా పొదలు, ఎటు చూసినా ఒకేలా. మధ్య మధ్య మూత లేని పాత గని గుంతలు. అచ్యుత్ అందరికీ టోపీలు పంచి, లోహాన్ని పసిగట్టే యంత్రం ఎలా పట్టుకోవాలో గంటసేపు నేర్పాడు. నీళ్ల గురించి ఒక్క ముక్క లేదు.

"దారి తప్పితే ఏం చేయల్ల నాయనా?" అని అడిగింది షెహజాది.

"సింపుల్ ఆంటీ! ఎవరైనా కనిపించకపోతే పేరు పెట్టి పిలుస్తాం. వాళ్లు రిప్లై ఇస్తారు, వాయిస్ వచ్చిన సైడ్‌కి వెళ్లి పికప్ చేస్తాం."

"మా ఆయన పలకడు."

"ఇంట్లో కూడా అంతేనా అంకుల్?" అన్నాడు అచ్యుత్. అందరూ పగలబడి నవ్వారు. తాజ్ కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆమెకు ఒళ్లు మండిపోయింది.

మధ్యాహ్నం అన్నాల వేళకు తాజ్ లేడు. సంచీ, నీళ్ల సీసా ఒక చెట్టు కింద ఉన్నాయి. వంగి వెతికేవాడికి సంచీ అడ్డమని అక్కడ పడేసి పోయాడు. షుగరు మనిషి, చేతిలో నీళ్లు లేవు, చుట్టూ గుంతలు, నెత్తిన ఎండ. అచ్యుత్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. సెల్‌ఫోన్ పైకెత్తి అటూ ఇటూ తిరిగాడు. సిగ్నల్ ఉంటే కదా! అందరూ కలిసి "తాజ్ అంకుల్! తాజ్ అంకుల్!" అని అరిచారు. ఆమె కూడా "ఏమయ్యో! ఓ తాజయ్యో!" అని గొంతు పోయేదాకా పిలిచింది. చెట్టు మీద కాకి తప్ప ఏదీ పలకలేదు.

"ఆంటీ, గుంతలో పడి ఉంటారేమో..." అన్నాడు అచ్యుత్.

"నోర్ముయ్!" అంది షెహజాది. పడ్డాడో, పడలేదో. పడకపోతే వింటూనే ఉండాలి. వింటూ పలకని మనిషిని ఎలా రప్పించాలో ఈ చదువుకున్న పిల్లలకు తెలియదు. ఆమెకు తెలుసు. చేలల్లో ఎంత మొండి మనిషినైనా తల ఎత్తించే కేక ఒక్కటే ఉంది. ఆ కేక వేయడం ఆమెకు చచ్చేంత అసహ్యం.

గుండెల నిండా ఊపిరి పీల్చి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుంది.

"దొరికిందో! బంగారు దొరికిందో! రాండో!"

ఆమె మళ్లీ అరిచింది. ఈసారి దూరంగా ఎండిన వాగులో పొదలు కదిలాయి. తాజ్! చొక్కా చిరిగి, పెదాలు పగిలి, తూలుతూ, పడుతూ, పరుగెత్తుకుంటూ వస్తున్నాడు.

"ఎవురికి? యాడ? ఎంతుంది?" అన్నాడు రొప్పుతూ.

షెహజాది అతని మెడ వెనక చెయ్యి వేసి పట్టుకుని, సీసా నోటికి ఆనించింది. తాగినంత తాగనిచ్చింది. తిండి లేక షుగరు పడిపోయి ఉంటుందని సంచిలోంచి బెల్లం ముక్క తీసి నోట్లో పెట్టింది.

"చూశారా ఆంటీ, ఎండ్ ఆఫ్ ద డే అంతా సేఫ్" అన్నాడు అచ్యుత్, పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టు.

"బియ్యం మూటయితే వెనక్కి తీసుకుంటి. ఈయన గుంతలో పడింటే ఎవురు వెనక్కిస్తారు నాయనా?" అంది ఆమె. అచ్యుత్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

ఆమె మొగుడి వైపు తిరిగింది. "నేను పిలిచింది నీకు వినపల్లేదా?"

తాజ్ ఖాళీ చేతులు చూసుకున్నాడు. అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు.

"వినపడింది" అన్నాడు.

షెహజాది సీసా మూత బిగించి, సంచీ భుజాన వేసుకుని కార్ల వైపు నడిచింది. వెనక నుంచి తాజ్ "షెహజాదీ... ఓ షెహజాదీ..." అని దారి పొడుగునా పిలుస్తూనే ఉన్నాడు.

ఆమె పలకలేదు.