గెలుస్తరు కదా, చూసేదేముంది

పీటీ సారు పోయారన్న కబురు నాకు నల్లా దగ్గర తెలిసింది. పొద్దున్నే బిందె పట్టుకొని నిలబడి ఉన్నాను. నా ముందున్న ఆమె వెనక్కి తిరిగి, "బడి పీటీ సారు పోయిండంట అవ్వా, పట్నం దవాఖానల" అంది. అని, ఊపిరి కూడా తీసుకోకుండా, "జర నీ బిందె జరుపు, నీళ్లు పోతున్నయి" అంది. అంతే. ఒక మనిషి పోయిన మాటకూ బిందె జరపమన్న మాటకూ నడుమ కంటిరెప్ప పడేంత సందు కూడా లేదు.

నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే నా మనవరాలు రాస్తోంది. బడి వాళ్లు సారు పేరున పుస్తకం వేస్తున్నారట, రెండు మంచి మాటలు చెప్పమని అడిగారు. మంచి మాటలు సారుకే చెల్లుతాయి. చదివే మీకు మాత్రం ఉన్నమాట చెబుతాను. ముఖం ముడుచుకుంటే ముడుచుకోండి, నా వయసుకు మీ ముఖాలతో పని లేదు.

మర్నాడు పేపర్లో రెండు వరుసలు వస్తే మనవరాలు చదివి వినిపించింది. రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయుడు మృతి అని. ఏ ఆట నేర్పారో లేదు. ఏటేటా ఆడపిల్లలను జిల్లాలో గెలిపించి తెచ్చారన్న ముక్క లేదు. పక్కనే ఒక లీడరు పుట్టినరోజు కేకు కోస్తున్న బొమ్మ అరచేయంత ఉంది. ఆ కాగితాన్ని పొయ్యిలో పెట్టడానికి కూడా నాకు మనసు ఒప్పలేదు.

తెలంగాణ రావడానికి పదేండ్ల ముందు ఆయన మా బడికి వచ్చారు. మా సాలెవాడ వెనక, ఇండ్లకూ బడి గోడకూ నడుమ ఒక పొడవాటి జాగా ఉంది. మా అత్త అత్తగారి కాలం నుంచి మేము అక్కడే పడుగు సాపుతాం. నేయడానికి ముందు నిలువు దారాలన్నీ ఈ కొస నుంచి ఆ కొసకు గుంజి కట్టి, గంజి పెట్టి, కుంచెతో దువ్వాలి. అటొకరు ఇటొకరు ఒకే అడుగుగా నడవాలి. ఒకనాడు పొద్దున పోయి చూస్తే ఆ జాగాలో రెండు ఇనుప స్తంభాలు నిలబడి ఉన్నాయి. వాటికి పలకలు, పలకలకు రింగులు. బాస్కెట్‌బాల్ అట.

నేను స్తంభం పట్టుకొని అరిచాను. "మా పడుగు యాడ సాపాలె సారూ? నీ నెత్తి మీదనా?"

ఆయన కోపం చేయలేదు. జాగా ఈ కొస నుంచి ఆ కొసకు ఒకసారి నడిచి వచ్చారు. "పొద్దు గోడ ఎక్కేదాంక జాగ మీది అవ్వా. అటెన్క పిల్లలది" అన్నారు. మర్నాడు మాకంటే ముందే వచ్చి, తన ఇనుప స్తంభానికి మా పడుగు కొస తానే కట్టారు. మేకను కట్టే ముడి వేశారు. ఆయనది కొల్లాపూర్ దిక్కు గొల్లల ఇల్లు. మేక ముడి పడుగు బరువుకు ఆగుతుందా? జారి, గంజి దారాలన్నీ దుమ్ములో పడ్డాయి. నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయించను, పిల్లలు చదివే పుస్తకం. ఆయన మోకాళ్ల మీద కూర్చొని ఒక్కొక్క పోగూ దులుపుతూ, "మా ఇంట్ల అన్నిటికి ఇదే ముడి అవ్వా, నా లగ్గానికి గూడ ఇదే ఏసిండ్రు" అన్నారు. కుంచె పట్టుకున్న ఆడవాళ్లందరూ నవ్వారు. నేను నవ్వు ఆపుకున్నాను.

ఆ పొద్దటి నుంచి ఆయనకు మా పని చూడటం అలవాటైంది. పడుగు దువ్వేటప్పుడు పోగు తెగుతుంది. ఎవరికి కనబడితే వాళ్లు నడక ఆపకుండానే రెండు వేళ్లతో అతుకుతారు. ఎవరి చేతిలో తెగిందని అడిగే తీరిక ఉండదు, గంజి ఆరిపోతుంది. ఒకరోజు ఆయన పిల్లలందరినీ తెచ్చి గోడ పక్కన కూర్చోబెట్టారు. "సూడుండ్రి. పోగు తెగితె ఎవలన్న ఆగిండ్రా? ఎవలనన్న తిట్టిండ్రా? బంతి పోతె గూడ అంతే" అన్నారు. నాకు ఆ ఆట తెలియదు. కానీ ఆ పిల్లలు బంతి పోగొట్టుకున్నప్పుడు ఒకరినొకరు ఒక్క మాట అనుకోవడం నేను వినలేదు. మా ఇంటి గోడకు ఇవతలే నా మగ్గం. ఏమన్నా అనుకుంటే వినబడేది.

సగం మంది మా సాలెపిల్లలు, సగం మంది గొర్లు కాసే ఇండ్ల పిల్లలు. ఆయనకు ఇనుప విజిల్ ఉండేది కాదు, రెండు వేళ్లు నోట్లో పెట్టి మందను మలిపినట్టు ఈల వేసేవారు. జేబు నిండా వేయించిన పల్లీలు. ఆట అయ్యాక తలా పిడికెడు. బంతిని రింగులో వేసిన పిల్లకు కాదు, వేసేలా అందించిన పిల్లకు ముందు ఇచ్చేవారు. "ఏసినదాన్ని అందరు సూస్తరు. దీన్నెవలు సూడాలె?" అని నాతో ఒకసారి అన్నారు. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నా మీద నాకే ఉమ్మేసుకోవాలని ఉంది.

మొదటి ఏడు జిల్లా కప్పు గెలిచి వచ్చినప్పుడు ఊరివాళ్లు మీరందరూ ఉన్నారు. డప్పులు, ట్రాక్టరు, పిల్లల మెడల నిండా పూలు. రెండో ఏడు డప్పు ఒక్కటే. మూడో ఏడు ఊరి పెద్ద తాను రాకుండా మనిషి చేత శాలువా పంపాడు. ఆ తర్వాత బస్సు దిగి పిల్లలు కప్పు బట్టలో చుట్టుకొని ఎవరింటికి వాళ్లు పోయేవాళ్లు. అక్క పోతే చెల్లె, చెల్లె పోతే ఆమె చిన్నాయన బిడ్డ. ఆడేవాళ్లు మారారు, గెలవడం మారలేదు. మీకు అదే విసుగైంది. "మళ్ల గీళ్లేనా?" అని హోటల్ ముందు చాయ్ తాగుతూ అన్నది ఎవరో నాకు తెలుసు. పేరు రాయించను, ఆయన ముఖం ఆయనకు తెలుసు. బడిలో బీరువా నిండిపోయి ఒక కప్పులో సుద్దముక్కలు, ఒక కప్పులో బంతికి గాలి కొట్టే సూదులు పెట్టుకున్నారు. రోజూ వండే అన్నాన్ని ఎవరూ మెచ్చుకోరు. మాడిన రోజే ఇంటిల్లిపాదీ నోరు తెరుస్తారు.

ఆటలు జరిపించే పెద్దసారు ఒకాయన మా సారును పక్కకు పిలిచి, ఈసారి మంచి పిల్లలను ఇద్దరిని ఇంటి దగ్గర ఉంచు, వేరే బడుల పిల్లలు చిన్నబుచ్చుకుంటున్నారు అన్నాడట. సారు వచ్చి నా గడపలో కూర్చొని ఆ సంగతి చెప్పారు. నువ్వేమన్నావు సారూ అని అడిగాను.

"మా వాడల ఒక అవ్వ ఉన్నది సార్, చీరె నేస్తది. పక్క మగ్గమాయన చిన్నబోతడు, నువ్వొక గజం ఖరాబు జెయ్యుమని ఆమెకు చెప్పి రాండ్రి, అటెన్క నేను మా పిల్లలకు చెప్త అన్న."

"వచ్చి ఉంటె కండెతోని కొట్టేదాన్ని" అన్నాను.

"అందుకే రాలేదు" అన్నారు.

ఇంత మాట్లాడుతున్న నేను ఏం చేశానో కూడా చెప్పాలి. నా మనవరాలు ఆ జట్టుకు కెప్టెన్ అయిన ఏడు, జిల్లా ఫైనల్‌కు రమ్మని నా కొంగు పట్టుకుంది. నేను మగ్గం గుంటలోంచి కాళ్లు కూడా తీయకుండా, "గెలుస్తరు కదనే, చూసేదేముంది?" అన్నాను. గోడకు అవతల ఇన్నేండ్లు బంతి చప్పుడు విన్నాను. ఒక్క ఆట పోయి చూడలేదు. ఈ మాట రాయను అవ్వా అంటోంది మనవరాలు. రాయమని చెప్పాను.

ఆ ఏడే ఓడారు. ఇద్దరు పిల్లలకు జ్వరం, ఒకే ఒక్క బుట్ట తేడాతో పోయింది. అప్పుడు పేపర్లో బొమ్మ పడింది. ఇన్నేండ్లలో అదే మొదటి పెద్ద బొమ్మ. నా మనవరాలు మోకాళ్ల మీద కూర్చొని ఏడుస్తున్న బొమ్మ. బస్సు దిగేసరికి స్టాండు నిండా జనం, ఎట్ల ఓడిండ్రు, ఎవలు తప్పు జేసిండ్రు అని. గెలిచి దిగిన రోజు కుక్క కూడా తోక ఆడించని స్టాండు అది. మనవరాలి కోసం నేనూ ఆ గుంపును తోసుకుంటూ పోయాను. సారు మాత్రం పిల్లలను గుంపులోంచి నడిపించుకొని వచ్చి, జేబులోంచి పల్లీలు తీసి పంచుతూ, "ఓడిపోతెనన్న కనవడ్డరు కదా అవ్వా, ఊరోళ్లు" అన్నారు. ఆ మాటలో కోపం ఉందేమోనని వెతికాను. లేదు. నాకు ఉన్నంత కోపంలో చారెడు ఆయనకు ఉన్నా బాగుండేది.

తర్వాతి ఏడు మళ్లీ గెలిచారు. స్టాండులో ఎవరూ లేరు.

జిల్లాలు చీలాక సారుకు ఏదో అవార్డు ఇప్పించాలని బడి వాళ్లకు తోచింది. కాగితాలు పట్టుకొని పాత జిల్లా ఆఫీసుకు పోతే మీ ఊరు ఇప్పుడు మా కింద లేదన్నారు. కొత్త జిల్లా ఆఫీసుకు పోతే మా లెక్క జిల్లా పుట్టినప్పటి నుంచే, ముందు గెలిచినవి మాకు తెలియవన్నారు. బడి వాళ్లు పోరుపెడితే సారు కూడా రెండు మూడు సార్లు తిరిగారు. చివరిసారి వచ్చి చెప్పులు దులుపుకుంటూ, "ఆడ మన ఊరు లేదంట, ఈడ మన ఆట లేదంట" అని, నవ్వి, పిల్లలు ఎదురు చూస్తున్నారని పోయారు. రిటైరై జీతం ఆగినా మా వాడ చివర ఆ కిరాయి గది వదలలేదు, పిల్లలను వదలలేదు. భార్య ముందే పోయింది. పిల్లలు కలగలేదు.

ఇక ఆయన పోయిన రోజు సంగతి. పట్నం నుంచి తెచ్చి ఆ గది ముందే పడుకోబెట్టారు. మధ్యాహ్నం తమ్ముడు జీపు తీసుకొని వచ్చి సొంతూరికి తీసుకుపోవాలి. ఆడిన పిల్లలు దొరికిన బస్సు పట్టుకొని వచ్చారు, జడ్చర్ల నుంచి ఒకతె, యాదగిరిగుట్ట నుంచి ఒకతె, చంకలో బిడ్డతో ఇంకొకతె. వాళ్లను ఏమీ అనను. ఊరి సంగతి చెబుతున్నాను.

మా వాడలో ఒక కట్టుబాటు ఉంది. వాడలో ఎవరు పోయినా, శవం వాడ దాటేదాకా ఏ ఇంట్లోనూ మగ్గం ఆడదు. బిడ్డ లగ్గానికి చీరె అందాల్సి ఉన్నా సరే, ఆడదు. మాకు తెలిసిన మర్యాద అదొక్కటే. బిరుదులు, శాలువాలు మా చేతిలో లేవు, చప్పుడు ఆపడం ఉంది. నేను పొద్దున్నే నా మగ్గం ఆపాను. చెవి పెట్టి వింటే వాడంతా టకటకమని ఆడుతూనే ఉంది.

కులపెద్ద దగ్గరికి పోయాను. నాకు వరుసకు మరిది. ఆయన బిడ్డ సారు దగ్గర నేర్చిన ఆటతోనే పోలీసు ఉద్యోగం తెచ్చుకుంది. ఆ పిల్లకు ఆ రోజు సెలవు దొరకలేదు.

"మగ్గాలు ఆపుమని చెప్పు మరిదీ" అన్నాను.

"మనోడు కాదు కదా వదినె. ఎక్కడి మనిషో, కిరాయికి ఉన్నడు."

"నీ బిడ్డ ఒంటి మీది ఖాకీ బట్ట ఏ కులపోడు నేసి ఇచ్చిండు?"

ఆయన పోగు సరిచేసుకుంటూ తల ఎత్తలేదు. ఒకరికి ఆపితే రేపు కిరాయికున్న ప్రతివాడికీ ఆపాలి, షావుకారు సాయంత్రం చీరెల కోసం వస్తాడు, జీపు ఎట్లాగూ అయిదు నిమిషాల్లో పోతుంది అన్నాడు. ఇంటింటికీ తిరిగాను. కులపెద్ద ఆపితే మేమూ ఆపుతాం అన్నారు. ఇంకొకరు ఏమన్నారో వినండి. "గాయినకు గివన్ని పట్టవు అవ్వా. ఎన్నడన్న ఏమన్న అడిగిండా?"

అడగలేదు. నిజమే.

జీపు కదిలింది. సారు తమ్ముడు దాని వెనక నా పక్కనే నడిచాడు. అన్న పోలికే, భుజం మీద గొంగడి. గొర్లు కాసుకునే మనిషి, మా వాడకు రావడం అదే మొదటిసారి. రెండు దిక్కులా మగ్గాల చప్పుడు. కొంతదూరం విని, "ఇదేం సప్పుడు అవ్వా?" అని అడిగాడు.

మీ అన్న మాకు పరాయోడని చెప్పనా? షావుకారు వస్తాడని చెప్పనా?

"మా వాడల పెద్దమనిషి పోతె గిట్లనే సాగనంపుతం కొడుకా. మగ్గాలన్ని ఆడాలె" అన్నాను.

నా మనవరాలు నా ముఖం చూసింది. నా జన్మలో సిగ్గుతో ఆడిన అబద్ధం అదొక్కటే, అది కూడా మీ పరువు కోసం ఆడాను.

అతను నమ్మాడు. గొంగడి భుజం మీంచి తీసి చేతి మీద వేసుకున్నాడు. చప్పుడు వస్తున్న ప్రతి గడప ముందూ ఆగి, రెండు చేతులూ జోడించి, తల వంచి దండం పెట్టుకుంటూ నడిచాడు. కులపెద్ద గడపకూ పెట్టాడు. వాడ మొత్తంలో చప్పుడు లేని ఇల్లు మాది ఒక్కటే. దాని ముందు మాత్రం ఆగకుండా పోయాడు.