మేమా, మనమా: సార్ చెప్పిన అరబ్బీ

మా అరబ్బీ సార్ పోయిన శుక్రవారం కోరుట్లలో కన్నుమూశారు. ఆ కబురు నాకు స్వప్న మస్కట్ నుంచి ఫోన్ చేసి చెప్పింది. జగిత్యాలలో బస్సెక్కితే గంటలోపు సార్ ఇంటి ముందు దిగే నాకంటే, సముద్రం అవతల ఉన్న ఆమెకే ముందు తెలిసింది. నాకు ఏడుపు వచ్చింది. అంతకన్నా ముందు అసూయ వచ్చింది.

సార్ గల్ఫ్‌లో ఒక కంపెనీలో చాలా ఏళ్లు దుబాసీగా పనిచేసి వచ్చి, మేడ మీది గదిలో అరబ్బీని తెలుగులోకి మార్చడం నేర్పేవారు. సిరిసిల్ల మరమగ్గాల చప్పుడులో పెరిగిన నేనూ, సారంగాపూర్ కూలీల ఇంటి నుంచి వచ్చిన స్వప్నా ఒకే బ్యాచ్. అరబ్బీలో క్రియ తరచూ ముందే వచ్చేస్తుంది. నేనూ దాన్ని ముందే చెప్పేసేవాణ్ణి.

"పోయిండు మా నాయిన బజారుకు, అంటవా ఇంట్ల? తెలుగుల క్రియ ఆఖర్న కూసుంటది. జర ఓపిక పట్టాలె" అనేవారు సార్, నా గ్లాసులో ఇంకొంచెం చాయ్ పోస్తూ. స్వప్నకు ఇవేవీ చెప్పాల్సి వచ్చేది కాదు.

ఒకరోజు చందుర్తి నుంచి ఒకామె వచ్చింది. ఎడారిలో గొర్రెలు కాసే ఆమె భర్త అక్కడే గుండె ఆగి చనిపోయాడు. అతని యజమాని పంపిన వాయిస్ మెసేజ్‌లో ఏముందో చెప్పమంది. సార్ నావైపు చూశారు.

"మేము మంచి మనిషిని పోగొట్టుకున్నం, అంటుండు" అన్నాను.

"ఆళ్లేం పోగొట్టుకున్నరు" అందామె, నేల చూస్తూ.

అరబ్బీలో 'నహ్ను' ఒక్కటే. అది మేమో మనమో వినేవాడే తేల్చుకోవాలి. సార్ స్వప్నను చెప్పమన్నారు. ఆమె మెసేజ్ చివరిదాకా విన్నది. యజమాని పిల్లలు అన్నం ముందు కూర్చుని ఇతని కోసం అడుగుతున్నారట.

"అక్కా, మనం మంచి మనిషిని పోగొట్టుకున్నం, అంటుండు" అంది స్వప్న.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అప్పుడు ఏడ్చింది.

చందుర్తి ఆమె, స్వప్నా వెళ్లాక సార్ నాతో, "నీది తప్పు గాదు కొడుకా. స్వప్నది ఒప్పు" అన్నారు. ఆ మాట ఇప్పటికీ సలుపుతుంది.

స్వప్న మస్కట్‌లో ఆస్పత్రి దుబాసీ అయింది. నేను జగిత్యాలలో గల్ఫ్ కాగితాలు అనువదించే షాపు పెట్టుకున్నాను. ఆదివారాలు బత్తాయిలు పట్టుకుని సార్ దగ్గరికి వెళ్లేవాణ్ణి. నేను వలిచిన తొనలు తింటూ, "స్వప్న ఫోన్ చేసిందిరా. ఇప్పుడు ఆమె అరబ్బీ నాకంటె మంచిగున్నది" అనేవారు. నా అరబ్బీ సంగతి అడిగేవారు కాదు.

చివరి వారాల్లో ఆయనకు చూపు పోయింది, తెలుగూ జారిపోయింది. అరబ్బీ మిగిలింది. ఆయన పోవడానికి ముందటి ఆదివారం నా అడుగుల చప్పుడు విని, "కైఫ హాలుకి" అని పలకరించారు. ఎలా ఉన్నావని. మగవాణ్ణైతే 'హాలుక' అనాలి. 'కి' ఆడపిల్లకు.

నా పేరు చెప్పబోయి ఆగిపోయాను. బాగున్నానని చెప్పే మాటకు ఆ భాషలో ఆడా మగా తేడా లేదు.

"అనా బిఖైర్" అన్నాను, గొంతు తగ్గించి.

సార్ ముఖం విప్పారింది. నా కోసం అది ఎన్నడూ అంతగా విప్పారలేదు. ఆయన మెల్లగా గోడవైపు జరిగి, మంచం మీద ఖాళీ అయిన చోటును అరచేత్తో తుడిచారు, కూర్చోమని.