రెండో బంతి రాబందు

నా కథలో చివరి పేజీ పోయింది. మూడేళ్ళ కిందటి మాట. మర్చిపొమ్మని చాలామంది చెప్పారు. అలా చెప్పినవాళ్ళు ఎవరెవరో కూడా నాకు గుర్తుంది.

ముందు ఆ కథ ఎందుకు రాశానో చెప్పాలి. మా జంషెడ్‌పూర్ తెలుగు సంఘంలో ఉగాది భోజనాలు రెండు బంతులుగా పెడతారు. ఆ ఏడు మేముండే మాంగో పేట నుంచి ఆటోలో అందరికన్నా ముందు వెళ్ళి, కుర్చీలు కూడా సర్దాను. తీరా కూర్చోబోతే సంఘం కార్యదర్శి చెయ్యి పట్టుకుని ఆపాడు. "నువ్వు మనోడివి కదా బావా, రెండో బంతికి కూకుందువులే" అన్నాడు. రెండో బంతి వచ్చేసరికి గారెలు అయిపోయాయి. ఇంకొకడైతే ఆ సాయంత్రం ఇంటికెళ్ళి మినప్పప్పు నానబోసుకునేవాడు. నేను ప్రపంచాన్ని అంతం చేశాను.

కథలో ఆకాశం నుంచి పెద్ద రాయి వచ్చి భూమిని గుద్దుతుంది. మనుషులంతా పోతారు. ఒక్క రాబందు మిగులుతుంది. నా చిన్నప్పుడు సువర్ణరేఖ ఒడ్డున పశువు చచ్చి పడితే రాబందులు గుంపుగా దిగేవి. ఇప్పుడు ఒక్కటీ కనబడదు. పశువులకు వేసే నొప్పి మందు వాటి ప్రాణం తీసిందని చదివాను. న్యాయంగా ఆ మందు మీదే కథ రాయాలి. కాని నాకు గారెలు దక్కకుండా చేసినవాళ్ళలో మందుల వ్యాపారి ఎవడూ లేడు. అందుకని రాయినే నమ్ముకున్నాను. కోట్ల మైళ్ళు ప్రయాణం చేసిన ఆ రాయి సరిగ్గా మా ఊరి కాసిడీహ్‌లో, నీలం గేటూ గేటు పక్కన కరివేపాకు చెట్టూ ఉన్న ఇంటి మీద పడుతుంది. అది కార్యదర్శి ఇల్లని మా వాళ్ళలో తెలియనివాడు లేడు.

సంఘం ఏటా వేసే సంచిక కోసం ఆ కథ నాలుగు కాగితాల మీద రాసి, ఆ నీలం గేటు దగ్గరికే వెళ్ళి ఇచ్చాను. కార్యదర్శి లేడు, ఆయన భార్య తీసుకుంది. సంచిక వచ్చాక చూస్తే మూడు పేజీల కథే ఉంది. మూడో పేజీ చివర "రాబందు కళ్ళు మూసుకుంది" అని ఉంటుంది. అది చచ్చిపోయేది నాలుగో పేజీలో. దాని స్థానంలో ఒక మిఠాయి దుకాణం వాళ్ళ ఉగాది శుభాకాంక్షలు ఉన్నాయి.

అందరూ మెచ్చుకున్నారు. సాక్చి బజారులో ఒకాయన కూరల సంచీ కింద పెట్టి మరీ, "ఆకర్న పిట్టని నిద్దరోబెట్టినావు, మంచి పని సేసినావు" అన్నాడు. నేను రాయని ముగింపుకి వచ్చిన మెప్పు అది. ప్రెస్సుకి వెళ్ళి అడిగితే, "ఆఖరీ పేజ్ మిలా హీ నహీ, అంకుల్" అన్నారు. అందలేదట. కార్యదర్శికి కోపం వస్తుందనుకుంటే అదీ లేదు. "రాయి మా ఇంటి మీద బాగా ఏసినావు బావా. ఆ గేటు ఎలాగూ మార్సాల" అన్నాడు.

అప్పటి నుంచి ప్రతి సమావేశంలోనూ లేచి నిలబడి, చివరి పేజీ సవరణగా వేయాలని అడిగాను. గమ్హరియా ఫ్యాక్టరీలో డ్యూటీ మార్చుకుని మరీ వెళ్ళి అడిగాను. మా ఆవిడ చూసి చూసి, "ఒక్క పిట్టని సంపడానికి మూడేళ్ళ నుంచి తిరగతన్నారు. ఏటగాడికైనా ఇంత ఓపికుండదు" అంది. ఒకరోజు టీవీలో, ఏదో రాయి భూమి వైపు వస్తోందనీ, తగిలినా తగలవచ్చనీ చెప్పారు. సవరణ పడకుండానే వచ్చేస్తుందా అన్నది నా మొదటి ఆలోచన. పిల్లలు, మా ఆవిడ, మిగతా మానవజాతి ఆ తర్వాత గుర్తొచ్చారు. రాయి పక్క నుంచి పోతుందని మర్నాడు చెప్పారు. ఊపిరి పీల్చుకుని ఇంకో ఫిర్యాదు రాశాను.

అది ఇవ్వడానికి నీలం గేటు దగ్గరికి వెళ్తే ఈసారీ ఆయన లేడు. ఆయన భార్య నన్ను కూర్చోబెట్టి, టీ ఇచ్చి, పాత పంచాంగంలోంచి ఒక కాగితం తీసింది. నా నాలుగో పేజీ.

"నానే తీసీసినాను, అన్నయ్యా."

"మీ ఇంటి మీద రాయి వేశాననా?"

"రాయికేటి, పడితే పడనీండి. ఇది సదవండి."

చదివాను. మూడేళ్ళుగా నేను ఏ పేజీ కోసం పోట్లాడుతున్నానో అందులో రాబందు చచ్చిపోవడానికి రెండు వాక్యాలే ఉన్నాయి. మిగతాదంతా దాని బాధ. అందరికన్నా ముందు వచ్చిందట. రెక్కలు ముడుచుకుని పక్కన నిలబడిందట. తన వంతు వచ్చేసరికి ఎముకలే మిగిలాయట. మొదటి బంతికి తనను ఎవరూ పిలవలేదని తలుచుకుంటూ ప్రాణం వదిలిందట. రాబందులకు బంతులేమిటో రాసేటప్పుడు నాకు తట్టలేదు.

"ఆ పిట్ట మీరే కదేటి," అంది ఆవిడ. "ఆ రోజు గారెలు అయిపోనాయని మీకు సెప్పింది నానే. మీ మొకం సూసినాను. మళ్ళీ ఈ కాయితంలో మీరే సచ్చిపోతంటే, నా సేత్తో ప్రెస్సుకి ఎలా అంపుతాను? మిగిలింది ఒక్కటి కదా, ఉండనీ అనుకున్నాను." టీ కప్పు నా ముందుకు జరిపి, "ఇప్పుడు మీ ఇట్టం. ఏయించుకుంటే ఏయించుకోండి" అంది.

టీ చల్లారిపోయిందని ఫిర్యాదు చేద్దామనుకున్నాను. చల్లారలేదు.

ఆ వారమే సమావేశం. నేను లేవకముందే కార్యదర్శి లేచాడు. కొత్త సంచికలో తెలుగు పేజీలు ఆరే మిగిలాయనీ, తక్కినవి హిందీ అనీ, అయినా నా పోరు పడలేక సవరణకి ఒప్పుకుంటున్నామనీ చెప్పాడు. "నీకు అర పేజీ ఇత్తన్నాం బావా. ఇంకేటి, సంపీసుకో."

కాగితం నా జేబులోనే ఉంది. చిన్న అక్షరాల్లో వేస్తే అర పేజీలో పట్టేస్తుంది కూడా. వెనక వరసలో ఆయన భార్య కూర్చుని ఉంది. నా వైపు చూడటం లేదు.

లేచి నిలబడ్డాను. ఒక జాతి మొత్తం అంతరించడానికి అర పేజీ ఇవ్వడం అవమానమని చెప్పాను. మిఠాయి దుకాణానికి పూర్తి పేజీ ఇచ్చారని గుర్తు చేశాను. పూర్తి పేజీ ఇచ్చేదాకా ఆ రాబందు చావదని సమావేశం మినిట్స్ పుస్తకంలో రాయించి, సంతకం కూడా పెట్టాను.