కొండ మీది పలక, దయామణి వంతు

రాచర్ల పక్కన ఒక కొండకు ఇటో పల్లె, అటో పల్లె. రెండింటికీ ఫోను సిగ్నల్ అందదు. ఏదో కాలేజీ వాళ్లు వచ్చి, ప్రయోగమని చెప్పి కొండ కొమ్మున తలుపంత పలక నిలబెట్టారు. దాని నిండా చిన్న చిన్న రాగి బిళ్లలు. టవరు నుంచి వచ్చే సిగ్నల్ దానికి తగిలి పల్లె మీదికి మళ్లుతుంది. బిళ్లలకు అందే కరెంటును కాస్త మారిస్తే చాలు, పలక కదలకుండానే సిగ్నల్ ఇటు నుంచి అటు తిరుగుతుంది. కాకపోతే ఒకసారికి ఒక్క పల్లెకే. బోరు నీళ్లకు వంతులు వేసుకుని బతికే జనానికి ఇదేమంత వింత? పొద్దున ఇవతల, మధ్యాహ్నం నుంచి అవతల అని తేల్చుకున్నారు. కొండ మీంచి తీగ లాగి, సిగ్నల్‌ను ఇటూ అటూ తిప్పే మీట ఉన్న పెట్టెను ఇవతలి పల్లెలో దయామణి ఇంట్లో పెట్టారు. ఆమె వంతు తప్పని మనిషని రెండు పల్లెలకూ నమ్మకం.

ఆ నమ్మకమే ఇవాళ ఆమె పీకల మీదికి తెచ్చింది. భర్త నిత్యానందానికి ఒంగోలు ఆసుపత్రిలో గుండె ఆపరేషన్. కూతురు దీవెన అక్కడే ఉంది. పొద్దున్నే రావలసిన కబురు మధ్యాహ్నం కావస్తున్నా రాలేదు. ప్రార్థనకు కూర్చుంటే మాటలు తడబడుతున్నాయి. చివరికి ఫోను మోగింది.

"అమ్మా, డాక్టరు బయటికి వచ్చినాడు. అడిగి మళ్లీ చేస్తా," అని దీవెన పెట్టేసింది.

అప్పటికే వంతు దాటింది. ఇంకాసేపు ఉంచుకుంటే ఎవరికి తెలుస్తుంది? కానీ అవతలి పల్లెలో వదిన వరసయ్యే పాపమ్మ కోడలు రేణుకకు నెలలు నిండాయి. నొప్పులొస్తే అంబులెన్సును పిలవాలి. "పాడు మీట! నా కొంపలోనే ఉండాల్నా?" అని తిట్టుకుంటూనే తిప్పేసింది. సిగ్నల్ పోయింది. తలుపైనా వేయకుండా, ఫోను పట్టుకుని కొండ చుట్టూ ఉన్న దారిన అవతలి పల్లెకు బయలుదేరింది.

సగం దారిలో ఎదురుగా పాపమ్మ. అరవై దాటిన మనిషి, కొంగు జారుతున్నా చూసుకోకుండా పరిగెత్తుకొస్తోంది. మంచి కబురైతే ఇంత పరుగెందుకు? దయామణి దారి మధ్యనే కూలబడింది.

పాపమ్మ వచ్చి భుజం పట్టుకుంది. ఆయాసంతో నోట మాట రాలేదు. ఆ కాసేపట్లో దయామణి సగం చచ్చింది.

"బాగుండాడు," అంది పాపమ్మ ఎట్టకేలకు. "నీకు కలవక దీవెన నాకు చేసింది. గండం గడిచిందని డాక్టరు చెప్పినాడంట."

దయామణి బావురుమంది. ఏడుస్తూనే కసురుకుంది. "మంచి కబురుకు ఎవరన్నా అట్ల ఉరుకుతారా వదినా? నా ప్రాణం పోయింది!"

"మెల్లగా వస్తే," అంది పాపమ్మ, ఇంకా రొప్పుతూనే, "అంతసేపూ నువ్వు భయపడాల కదమ్మా."