ఓబులన్న కావి పంచె

1957లో నంద్యాలలో మాకు రంగుల అంగడి ఉండేది. ముందు పొడులు అమ్మేవాళ్లం, వెనక దొడ్లో కాగులు పెట్టి గుడ్డలకు రంగు వేసేవాళ్లం. ఆ ఏడు వానలు వెలిశాక ఒకరోజు జరిగింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కాలు నిలవదు!

ఆళ్లగడ్డ నుంచి ఓబులన్న అనే రైతు, భార్య లక్ష్మక్కతో బస్సు దిగి వచ్చాడు. కొత్త తెల్ల పంచె నా ముందు పడేశాడు.

"దీనికి కావి పట్టించల్ల శెట్టీ. విరక్తి పుట్టింది. అహోబిలం కొండకు పోతాండా. ఇంగ ఇంటికి రాను."

తండ్రి పోయినప్పటి నుంచి తాను సాకిన తమ్ముళ్లే భాగాలు పంచమన్నారట. పంపకాలైనాక మనిషికి అన్నం సయించడం లేదు, చేను వైపే పోవడం లేదు. ఈ సంగతంతా చెప్పి లక్ష్మక్క అరుగు మీద కూలబడింది.

రంగుకిచ్చిన తన భార్య చీర తీసుకుపోవడానికి వచ్చిన సంస్కృతం అయ్యవారు కూడా ఆ అరుగు మీదే ఉన్నారు. విరక్తి అన్న మాట వినగానే ఆయన ఎగిరి కూర్చున్నారు.

"ఆ మాట మీ పనిలో నుంచి వచ్చిందేనయ్యా శెట్టీ! 'రంజ్' అంటే రంగు వేయడం. రాగం, రక్తి అన్నీ దాన్నుంచే. మనసుకు లోకం రంగు పడితే రక్తి. ఆ రంగు విడిస్తే విరక్తి."

నాకు ఒళ్లు ఝల్లుమంది. పుట్టినప్పటి నుంచి వింటున్న మాట, మా కాగులో నుంచి వచ్చిందా! "ఇన్న్యావా ఓబులన్నా!" అని అరిచాను.

"యాడ పుట్టితే నాకేందప్పా? ముంచు" అన్నాడాయన.

మేం ముంచం. కావి గుడ్డను కట్టుకునేవాడే ముంచుకోవాలన్నది మా నాయన కాలం నుంచి ఉన్న కట్టుబాటు. ఎర్రమన్ను కలిపిన కాగు చూపించాను. కావికి మోర్డెంట్, అంటే రంగును నూలుకు పట్టించే పటికలాంటిది, వాడం. గుడ్డలో గంజి మిగిలితే మచ్చలు పడతాయి. ముందు ఉతుక్కోమన్నా వినకుండా ముంచాడు. పంచె అంతా మచ్చలే!

"ఏందీ దరిద్రం!" అని పళ్లు కొరికాడు. బండ మీద బాది, జాడించి, మళ్లీ ముంచాడు. చెమటలు కారిపోతున్నాయి. ఈసారి రంగు సమంగా పట్టింది. అయినా ఆయనకు నచ్చలేదు.

"ఇదేం మన్ను శెట్టీ? అంతా ఇసకే! మా చేని గట్టు కింద తవ్వితే వస్తాది చూడు ఎర్రమన్ను, ఎన్న మాదిరి మెత్తగా ఉంటాది. ఆడ కొర్ర ఏస్తే..." చేతులు తిప్పుతూ చెప్పుకుపోతున్నాడు.

లక్ష్మక్క కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "చేను మాటెత్తినాడు శెట్టీ! పంపకాలైనాక ఇదే మొదలు" అంది. నాకు గంతేయాలనిపించింది. అయ్యవారు ఏదో అనబోతుంటే చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాను.

ఓబులన్న తడి పంచె తీగ మీద వేశాడు. "ఇది ఆరేదాకా ఈడ ఉండలేనప్పా, బస్సు పోతాది. రేపు మా మన్ను తెస్తా. ఏది మేలో నువ్వే చెప్పు."

మర్నాడు మూట భుజాన వేసుకుని నిజంగానే వచ్చాడు. పంచె ఊసెత్తలేదు.

ఆ తర్వాత విరక్తి అంటూ వచ్చినవాళ్లకు నేను ఒక్క నీతి మాటా చెప్పలేదు. కాగు చూపించి పక్కన నిలబడేవాణ్ని. నా మన్నును తిట్టడం మొదలుపెట్టారంటే చాలు, వాళ్ల ఊరి బస్సు ఎప్పుడుందో నేనే చెప్పేవాణ్ని.