రెండో పొయ్యి

నా భర్త పోయాక జహీరాబాద్‌లో పుట్టింటి వెనక గదిలో దిగాను. రెండు నెలలు తిరక్కముందే మా తమ్ముడు, "అక్కా, జర నీ వంట నువ్వే చేసుకో" అన్నాడు. చేసుకున్నాను. జాకెట్లు కుట్టి నా పొయ్యి నేనే వెలిగించుకుంటున్నాను. వాడింట్లో ఉప్పుగల్లు కూడా అడగలేదు.

కానీ ఎవరైనా వస్తే చాలు, మాది ఉమ్మడి కుటుంబమని మీసం తిప్పుతాడు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. కిందటిసారి జనాభా లెక్కలకు వచ్చినప్పుడు నేను రాయికోడ్‌లో పెళ్లికి వెళ్లాను. నన్నూ తన కుటుంబంలోనే రాయించి, తిరిగొచ్చాక గొప్పగా చెప్పాడు. ఒళ్లు మండిపోయింది. రేపు చదువుకున్నవాళ్లెవరో పాత లెక్కలూ కొత్త లెక్కలూ పక్కపక్కన పెట్టుకుని, ఈ వైపు ఉమ్మడి కుటుంబాలు ఇంకా చెదరలేదని మురిసిపోతారు. నేను ఒంటరిగా వండుకున్న ఇన్నేళ్లూ వాళ్ల లెక్కలో ఉండవు.

అందుకే ఈసారి లెక్కల కోసం టీచరమ్మ ఫోన్ పట్టుకుని రాగానే, మిషన్ మీద జాకెట్ అలాగే వదిలి వాకిట్లోకి వచ్చాను.

"ఒక్క పొయ్యి మీద వండుకొని తినేటోళ్లనే ఒక్క కుటుంబమని రాస్తం. మీదెట్ల?" అని అడిగింది.

"అందరం ఒక్కటే మేడమ్. అక్క కూడ మాతోనే తింటది" అన్నాడు తమ్ముడు.

"అబద్ధం. నాది వేరే" అన్నాను.

"కోపంల గట్లంటది మేడమ్" అని నవ్వాడు. నవ్వి ఊరుకుంటే వాడి పరువు దక్కేది. ఊరుకోలేదు. లోపలికి చూసి, "ఏమే, అక్కకు పళ్లెం పెట్టు, పొద్దుగాల సంది తినలే" అని కేకేశాడు.

బయట ఏం నడుస్తోందో మరదలికి తెలియదు. గుమ్మంలోకి వచ్చి, "వదినె, నువ్వు అన్నం తింటవా, రొట్టె తింటవా?" అని అడిగింది.

షుగర్ వచ్చినప్పటి నుంచి నేను జొన్నరొట్టె తప్ప ముట్టను. ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉన్నా ఆ సంగతి వాళ్లలో ఒక్కరికీ తెలియదు. టీచరమ్మకు అదే చెప్పాను. ఇదీ మా ఉమ్మడి కుటుంబం!

టీచరమ్మ తమ్ముడి ముఖం చూసింది. వాడు కింద చెప్పుల వైపు చూస్తున్నాడు. ఆమె ఫోన్‌లో రెండో కుటుంబం అని నొక్కి నా వైపు తిరిగింది.

"మీ ఇంటి పెద్ద ఎవరమ్మా?"

"నేనే" అన్నాను. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూసేంత గట్టిగా అన్నాను.